గౌతమీతీరమున నొకదినము

మన సంఘమువారి వార్షిక మహాసభ రాజమహేంద్రవరమున ముగిసిన మఱునాడు, ప్రతినిధులము ముప్పదిమందిమి యొక బస్సును కుదుర్చుకొని గోదావరి వెంబడి సముద్రమువఱకు పోయి వచ్చితిమి. సభలో ఆమోదింపబడిన తీర్మానములలో, మన నేతకులపు చరిత్రమును వ్రాయింపవలెనను తీర్మాన మొకటి. అట్టి తీర్మానమును మనము చేయుట యిది మొదటిసారి కాదని సభ్యులెల్ల రెఱుగుదురు. ప్రతి యేట తీర్మానించుటయు, ప్రతి యేట జమాఖర్చులలో ఆ పద్దు ఖాళీగా నుండుటయు మనకు వాడుకయైపోయినది. "కాగితముమీద వ్రాయునది తరువాత చూచుకొందము, ముందు ఆ చోటులను కన్నులతో చూతము రండు" అని మాలో నొక పెద్ద యనెను. ఆ మాటయే యీ ప్రయాణమునకు కారణము. నాడు చూచినదానిని, చూచినచోట మాకు తెలిసినంత చరిత్రమును, రాలేకపోయిన సోదరసోదరీమణులకొఱకు ఇచ్చట వ్రాయుచున్నాము.

మార్గశిరమాసము. తెలతెలవాఱుచుండగా కోటిలింగాలరేవునకు చేఱితిమి. మంచు నీటిమీదనుండి యింకను లేవలేదు. నాసికాత్ర్యంబకముకడ పిల్లకాలువగా పుట్టిన యీ నది పాపికొండల యిఱుకునుండి వెలువడి యిచ్చటికి వచ్చుసరికి ఆవలియొడ్డు చెట్లు గీత గీచినట్లు మాత్రమే కనుపించు వెడల్పయినది. స్నానములు ముగించుకొనునంతలో మంచు విడి వంతెనలు పైకి తేలెను. 1900లో బండ్లు నడువ నారంభించిన హేవలాకు వంతెన 56 ఖానాలతో ముసలియెద్దువలె నిలిచియున్నది. 1997 మొదలు దానిమీద రైళ్లు నడుచుటలేదు. పైన రోడ్డును క్రింద రైలుదారియు గల రెండవ వంతెన 1974 నాటిది. విల్లులవంటి కమానులు గల మూడవది పాతదానికి బదులుగా 1997 నాటికి కట్టబడినది. మా పడుచువారు కమానులముందు నిలిచి ఫోటోలు తీసికొనిరి. మాకు మాత్రము పాతవంతెనమీదనే మనసు నిలిచినది. మన తాతలు మూటలు నెత్తిన పెట్టుకొని చెన్నపట్టణమునకును కలకత్తాకును పోయినది దానిమీదనే కదా.

ఈ నగరమునకు మూలపురుషుడు రాజరాజనరేంద్రుడు. ఈతడు శాలివాహనశకము 944, అనగా క్రీస్తుశకము 1022లో పట్టాభిషిక్తుడయ్యెనని కోరుమిల్లి తామ్రశాసనము చెప్పుచున్నది. ఆ కోరుమిల్లి గౌతమియొడ్డుననే యున్నది. నన్నయభట్టారకుడు భారతమును తెనిగింప పూనినది యీ రాజు కొలువున. నన్నయకు సహాయుడైన నారాయణభట్టునకు రాజు నందంపూడి గ్రామము నిచ్చిన శాసనమును కూడ నన్నయయే రచించెను. ఇంతటి రాజునకు కోట యెక్కడ, నగరెక్కడ యని మాలో నొకరు ప్రశ్నించిరి. చూపుటకు ఏమియు లేదు. ఇటుకలు పోయినవి, రాగిఱేకులు మిగిలినవి. ఊరినడుమ నున్న పెద్దమసీదు ద్వారముమీద 1324 నాటి పారసీక శాసనము కలదు. ఢిల్లీ తుగ్లకుల సేనలు వచ్చినప్పటి గుఱుతు అది. చాళుక్యుల తరువాత చోళులు, కాకతీయులు, రెడ్లు, గజపతులు, గోలకొండ నవాబులు, పరాసులు, ఇంగ్లీషువారు, ఒకరి తరువాత నొకరు ఈ గట్టున పన్నులు వసూలు చేసికొనిరి. గట్టు మాత్ర మట్లే యున్నది.

కందుకూరి వీరేశలింగము పంతులుగారు పుట్టి పెరిగిన యింటిని చూడక కదలరాదని మాతో వచ్చిన స్త్రీలు పట్టుపట్టిరి. 1881 డిసెంబరు 11వ తేదిరాత్రి ఈ యూర వారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. పెండ్లికి వంట చేయువారును దొరకలేదట, బాజాలు వాయించువారును జంకిరట. అందఱు నెఱిగిన కథయే గాన విస్తరింపము. ఐనను ఆ యింటి గడపమీద కూర్చున్న ముసలమ్మ యొకతె మాతో వచ్చినవారిలోనిదే, చాలసేపు లేవలేదు. ఏల లేవలేదో మాకు సాయంకాలము యానాములో గాని తెలియలేదు.

రాజమహేంద్రవరమునుండి ధవళేశ్వరమునకు కొలదిదూరమే. అచ్చట కాటనుదొర కట్టించిన ఆనకట్టను చూడవలెనని అందఱికి నాసక్తి; తీరా పోయిన తరువాత, నీకు కనుపడునది ఆనకట్ట కాదు, బారేజి యని కావలివాడు చెప్పెను. నిజమే. పాత ఆనకట్ట జీర్ణింపగా 1970లో ఆరంభించి 1982లో ముగించిన క్రొత్తకట్టడమిది. ధవళేశ్వరపు పాయమీద 70, ర్యాలిపాయమీద 43, మద్దూరుపాయమీద 23, విజ్జేశ్వరపు పాయమీద 39, వెరసి 175 తలుపులు. 1986 ఆగస్టు వఱదలో క్షణమునకు 35 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు వీనిక్రిందుగా పోయినది. అప్పుడు లంకలలో ఇంటికప్పులమీద మూడురాత్రులు గడపినవారు మాలో నిద్దఱు కలరు. వారు ఆ తలుపులను చూచినంతసేపు మాటలాడలేదు.

ఆనకట్టకు పూర్వము ఈ సీమ స్థితి యెట్లుండెనో ఇప్పటి పచ్చని చేలను చూచినవారు నమ్మజాలరు. ఇంత నది యింటిముందు పాఱుచుండగా నీరులేక పంటలెండెను. 1832–33 నందననామ సంవత్సరపు కఱవును మన ముసలివారు పాటలలో, సామెతలలో విన్నవారే. 1839లో ఉప్పెన వచ్చినది. 1821లో ఏడు లక్షలకు మించియున్న రాజమహేంద్రవరపు జిల్లా జనసంఖ్య 1841 నాటికి ఆఱు లక్షలకు లోపుగా దిగిపోయినది. ఇరువది యేండ్లలో నూటికి ఇరువదిమందికి పైగా తగ్గిరన్నమాట. చచ్చినవారు కొందఱు, దేశములుపట్టి పోయినవారు కొందఱు. ఈ యంకెను పాఠకులు జ్ఞాపకముంచుకొనగోరెదము. సముద్రపుటొడ్డున దీనితో మఱల పని కలదు.

ఆర్థరు కాటను 1844 ప్రాంతమున ఈ నదిని పరిశీలించి, ఆనకట్ట కట్టుట సాధ్యమే యని కుంపిణీవారికి వ్రాసెను. 1846 చివర అనుమతి వచ్చెను. 1847లో పని యారంభమై 1852లో ముగిసెను. పాయ పాయకు నడుమ లంకలను వాటముగా నుపయోగించుకొని, నాలుగు తునకలుగా సుమారు రెండుంబావు మైళ్ల రాతికట్టు. క్రింద బండ లేదు, ఇసుకయే. ఇసుకమీద రాతిని నిలుపు విద్యను కావేరిమీది కల్లణ కట్టిన పూర్వపు తమిళులనుండి నేర్చితినని కాటనే యొప్పుకొనినాడు. కొండను పగులగొట్టి రాళ్లను ఒడ్డునకు చేర్చుటకు ఇనుపపట్టాలమీద బండ్లు నడపిరి. మన దేశమున పట్టాలమీద బండ్లు నడచిన తొలి తావులలో ఇది యొకటి. గోదావరిలో మునుగునప్పుడు సంకల్పములో కాటనుపేరును చెప్పు బ్రాహ్మణులు ఈ ప్రాంతమున నుండిరని పెద్దలు చెప్పుదురు. ఆయన విగ్రహము లేని యూరు ఈ డెల్టాలో నరుదు. దానికి మేము వంక పెట్టము. కాని మ్యూజియములో, 1988లో తెఱచినది, చూడచక్కనిది, మేము గదిగదియు తిరిగి చూచితిమి. దొరల పటములున్నవి, యంత్రములున్నవి, నమూనాలున్నవి. అయిదేండ్లు రాళ్లుమోసిన వేలమందిలో ఒక్కని పేరైన కనుపడలేదు. అందు కఱవుచేత మగ్గము విడిచి తట్ట నెత్తినవారు లేకుండిరని యెవరనగలరు?

ఇచ్చటినుండి గోదావరి గౌతమియనియు వసిష్ఠయనియు చీలును. మేము గౌతమిని పట్టుకొని దక్షిణపు టేటిగట్టువైపు పోవలెనో, ఉత్తరపు గట్టువైపు పోవలెనో కొంత వాదము జరిగినది. కోనసీమ చూడవలెనని కొందఱు. మా గమ్యము కోరంగి గావున ఉత్తరపు గట్టే నిశ్చయమైనది.

కడియపులంకలో దారికిరువైపుల పూలమొక్కల తోటలు మైళ్లకొలది. ప్రయాణపు టుద్దేశము మఱచి అందఱును కుండీలు కొన మొదలిడగా ముప్పావుగంట పోయినది. తరువాత కాలువగట్టు వెంబడి ప్రయాణము. వరి కోతలు ముగిసి కుప్పలు వేయుచుండిరి. ఒకప్పుడు ఈ కాలువలే రాజవీథులు. వరి, కొబ్బరి, నూలు, గుడ్డ, పెండ్లివారు, నాటకమువారు అందఱును పడవలమీదనే. లాకులకడ తలుపులు తెఱచువఱకు నిలిచి, గట్టుమీద మనుష్యులు త్రాటితో లాగుచుండగా కదలుచు, రాజమహేంద్రవరమున సాయంకాలమున ఎక్కినవారు తెల్లవారుసరికి కాకినాడకు చేఱుచుండిరి. లాకులు నేటికిని కలవు, పడవలు లేవు. కోటిపల్లిరేవునకు పోవు దారిలో రైలుకట్టయు కనుపడినది. కాకినాడనుండి కోటిపల్లికి వేసిన ఆ పట్టాలను 1940లో యుద్ధావసరములకై పెఱికి కొనిపోయిరి. మఱల వేయుటకు 2004 వఱకు పట్టినది. అరువదినాలుగేండ్లు. సర్కారువారికి తీసికొనిపోవుటకును తెచ్చియిచ్చుటకును గల వ్యత్యాస మిది.

మధ్యాహ్నమునకు ముందే దాక్షారామము చేఱితిమి. వాడుకలో ద్రాక్షారామ మనుచున్నను ద్రాక్షపండ్లతో దీనికేమియు సంబంధము లేదు. శాసనములలో దాక్షారామమనియే యున్నది. దక్షుని యారామమని స్థలపురాణము. పంచారామములలో నిది యొకటి. తూర్పుచాళుక్యరాజగు చాళుక్యభీముడు, 892 మొదలు 921 వఱకు ఏలినవాడు, దీనిని కట్టించెనని చెప్పుదురు. రెండంతస్తుల గర్భాలయము, లింగము క్రింది నేలనుండి పై యంతస్తువఱకు లేచియున్నది గాన అభిషేకమును మేడమీదనుండి చేయుదురు. మెట్లెక్కి పోయి, చీకటిలో దీపపు వెలుతురున స్వామి శిరస్సును చూచిన క్షణమును మా చేతితో వర్ణింప పూనుకొనము. మాణిక్యాంబకు మ్రొక్కి, సప్తగోదావరపు గుండమున కాళ్లు కడుగుకొంటిమి. శ్రీనాథుడు భీమేశ్వరపురాణమున నీ క్షేత్రమును కీర్తించిన సంగతి పండితుల కెఱుకయే.

మమ్ము మిక్కిలి నిలిపినవి గోడలు. ఈ దేవాలయములో సుమారు నాలుగువందల శాసనములున్నవి. కంబములు, గోడలు, అరుగులు, ఎచట చూచిన అక్షరములే. పురావస్తుశాఖవారు వీనిని ప్రతులెత్తి దక్షిణభారతశాసనముల నాల్గవ సంపుటమున ప్రకటించినారు. రాజరాజనరేంద్రుని కుమారుడు, 1070లో చోళసింహాసన మెక్కిన కులోత్తుంగుని కాలపువి అందు పెక్కు. వ్రాసినదేమి? చాలవఱకు దీపములు. ఫలానావాడు భీమేశ్వరునకు అఖండదీపము పెట్టెను. దానికి ఇన్ని గొఱ్ఱెలను, లేక ఇన్ని ఆవులను విడిచెను. ఫలానాబోయడు వానిని చేకొని దినదినము ఇంత నేయి పోయగలవాడు. ఇది సూర్యచంద్రులున్నంతకాలము చెల్లును. రాజులు పెట్టిరి, రాణులు పెట్టిరి. మంత్రులు, దండనాయకులు, సెట్లు, గుడిసానులు పెట్టిరి. ఎన్నిదీపములు! వెన్న కాచి నేయి పోసిన బోయవాని పేరును దాతపేరుతోడనే చెక్కించిన ఆనాటివారి లెక్కనేర్పు మాకు మిక్కిలి నచ్చినది. పొద్దున ధవళేశ్వరమున మేము వెదకినది అట్టి పేరొకటియే.

మనవారి పేరేదైన కలదేమోయని మాతో వచ్చిన కళాశాల విద్యార్థి యొకడు ఒక్కొక్క కంబముకడ వంగి చూచుచు తిరిగెను. ఆ లిపి వానికి చదువరాలేదు, మాకును రాలేదు. వేయి సంవత్సరములనాటి తెలుగు మన యెదుట నున్నది. పూజారి సున్నపుచేయి తుడిచినచోట నున్నది. ముప్పదిమందిమి తెలుగువారము కూడి ఒక్క పంక్తిని చదువలేకపోతిమి. పదునేను తీర్మానములు చేసి వచ్చినవారమని చెప్పుకొనుటకు సిగ్గయినది. ఆ విద్యార్థికి శాసనలిపిని నేర్పించుటకు కాగల ఖర్చును తాను భరింతునని మా పోషకులలో నొకరు అక్కడనే, గుడి యరుగుమీదనే మాట యిచ్చిరి. పేరు వ్రాయవలదన్నారు గాన వ్రాయము.

ఊరిలో ఒలందుదిబ్బ యనుచోట డచ్చివారి పాతసమాధులు కలవు. వారు నరసాపురమున, పాలకొల్లున, జగన్నాథపురమున, ఇచ్చటను గుడ్డల వర్తకము చేసిరి. 1824 ఒడంబడికతో ఈ తావులను ఇంగ్లీషువారికి వదలివేసిరి. అచ్చటినుండి మా కథ గుడిదీపములను వదలి గుడ్డలవెంట పడినది.

భోజనము చేసికొని యానాము ప్రవేశించునప్పటికి మూడు గంటలు. పదునెనిమిదవ శతాబ్ది మొదటి భాగమున పరాసులు, అనగా ఫ్రెంచివారు, స్థాపించిన కొఠీ యిది. చుట్టును ఇంగ్లీషువారి రాజ్యము, నడుమ గుప్పెడు ఫ్రెంచిరాజ్యము. 1954 జూను 13న ఇచ్చట జెండా మాఱినది. ఆ యేట నవంబరు మొదటితేదిని మనదేశమున కలిసినది. చట్టరీత్యా అప్పగింత 1962లో. నేటికిని ఇది పుదుచ్చేరిలోనిది గాని ఆంధ్రములోనిది కాదు. గౌతమియొడ్డు వీథి చక్కగా నున్నది. 1846లో కట్టిన క్రైస్తవాలయము నున్నది. ఇవి చూచుచు నడచుచుండగా, పొద్దున వీరేశలింగముగారి గడపమీద కూర్చున్న ముసలమ్మ నిలువబడి, "మా యమ్మకు పెండ్లి యైనది ఈ యూరనే, నాయనా. తొమ్మిదో యేట" అనెను.

ఆ కథ మన కందఱికి తెలియవలసినదే. 1929లో శాసనమై 1930 ఏప్రిలు మొదటినుండి అమలైన శారదాచట్టము పదునాలుగేండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట నేరమనెను. ఆ చట్టము ఇంగ్లీషువారిది; యానామున చెల్లదు. అంత గోదావరి జిల్లాలనుండి పెద్దమనుష్యులు పసిపిల్లలను పడవలలో, బండ్లలో నెక్కించుకొని సరిహద్దు దాటి యిచ్చటికి వచ్చి మూడుముళ్లు వేయించుకొని పోవుచుండిరి. ముహూర్తముల కాలమున ఊరంతయు పందిళ్లేనట. దీనికి కల్యాణపుర మను పేరు వచ్చినది. పురోహితులు, బాజాలవారు, అద్దెయిండ్లవారు బాగుపడిరి. అగ్రవర్ణములవారే కాదు, అన్నికులములవారును వచ్చిరి, మనవారును వచ్చిరి. కులచరిత్రము వ్రాయుదుమని బయలుదేఱినవారము, దానములను మాత్రము వ్రాసి దీనిని విడిచిపెట్టుట న్యాయము కాదు. రాజమహేంద్రవరమున పంతులుగారు పెండ్లి జరిపించిన రాత్రికి అరువది మైళ్లు లేదు, యాబదియేండ్లు కాలేదు. ఆ ముసలమ్మ తల్లి పదునాల్గవయేట కాన్పులో గండము గడచి బ్రదికినదట. ఆమె అంతకన్న ఏమియు చెప్పలేదు. మేమును అడుగలేదు.

యానాము దాటగానే నీలపల్లి, కొలదిదూరమున ఇంజరము. ఇవి చూడవలసిన యూళ్లని ఏ యాత్రాపుస్తకమును చెప్పదు. చూచుటకు ఏమియు లేదుకూడ. కాని మన నేతవారికి కాశీరామేశ్వరములవంటివి ఇవియే. ఇంజరమున ఇంగ్లీషు కుంపిణీవారి కొఠీ యుండెను. నరసాపురము ప్రక్కనున్న మాధవాయపాలెమున మఱియొకటి. ఆ మాధవాయపాలెపు గుడ్డయే సీమలో 'మడపొల్లము' అను పేరుతో అమ్ముడై, నేటికిని ఇంగ్లీషు నిఘంటువులలో నిలిచియున్నది. నేసినవాడు పోయెను, మగ్గము పోయెను, ఊరును ఏఱు చాలవఱకు తినివేసెను, పేరుమాత్రము పరాయిభాషలో బ్రదికినది.

వర్తక మెట్లు జరిగెనో కొంచెము చెప్పుదుము. దక్కనునుండి ప్రత్తి యెద్దులమీద దిగును. ఊరూర స్త్రీలు రాటములమీద వడుకుదురు. నేతగానికి కుంపిణీవారు దళారులగుండ ముందుగా బయానా నిత్తురు. వాడు పుచ్చుకొన్న దినమునుండి ఇతరులకు నేయరాదు. గుడ్డ నాణెమునకు కొలత పుంజము. పుంజమనగా పడుగున 120 పోగులు. కావున 36 పుంజముల గుడ్డ యన్నచో ఆ వెడల్పులో 4,320 పోగులు. పోగు తక్కువైనను, నిడివి తక్కువైనను కొఠీలో గుడ్డను నెట్టివేయుదురు, లేదా ధర తగ్గింతురు. నెట్టివేసిన గుడ్డను బజారున అమ్ముకొందమన్న బయానాబాకీ మెడకు చుట్టుకొనియుండును. దానిపైని మగ్గపుపన్ను. 1757లో బుస్సీ సేనతో వచ్చి ఇంజరమును మాధవాయపాలెమును పట్టుకొనెను. 1758 డిసెంబరులో చందుర్తికడ ఇంగ్లీషువారు పరాసులను ఓడించిరి. తరువాత ఇద్దఱు కొనువారు పోటీపడుచున్నంతకాలము మనవారికి బేరమాడు చోటుండెను. ఒక్కడే కొనువాడు మిగిలినపుడు ఆ చోటు పోయినది. మనవా రూరకుండిరని తలంపవలదు. 1798లో ఈ గోదావరి ప్రాంతపు నేతపనివారు కుంపిణీవారి ఒత్తిడికి ఎదురుతిరిగిరి. 1816లో విశాఖపట్టణపు వైపున మఱల జరిగినది. వారు పెట్టుకొన్న అర్జీలు ప్రభుత్వపు దస్తరములలో నిలిచియున్నవి. మన పూర్వుల గొంతు వినవలెనన్నచో వినదగినది అందే. దాక్షారామపు రాతిమీద కాదు, కొఠీదొర దస్త్రములో.

ఆ తరువాతి కథ త్వరగా ముగియును. 1813లో కుంపిణీవారి వర్తకపు గుత్త పోయినది. 1833 చట్టముతో వారు వర్తకమునే మానిరి. సీమ మరగుడ్డలు ఓడలలో దిగినవి. కొఠీలు మూతపడినవి. బయానా యిచ్చి పీడించువాడు పోయెను గాని కొనువాడును పోయెను. సరిగా ఆ పదియేండ్లలోనే కఱవు, ఉప్పెన. ధవళేశ్వరమున మేము చెప్పిన జనసంఖ్య తఱుగుదలలో మగ్గములు విడిచినవారి పాలెంతయో ఇంజరపు వీథిలో నిలిచి తలపోసితిమి. ఆ వీథిలో నేడు రొయ్యల చెఱువుల మందులదుకాణ మున్నది. దుకాణదారుడు మమ్ము బేరమునకు వచ్చినవారనుకొని కుర్చీలు వేయించెను.

ఎండ వాలుచుండగా కోరంగి చేఱితిమి. ఒకనాడు తూర్పుతీరమున పేరెన్నికగన్న యోడరేవు. ఓడలను కట్టుటకును మరమ్మతులకును దీనికి ప్రసిద్ధి. చేరువనున్న తాళ్లరేవున కొయ్యయోడలు కట్టుపని చాలకాలము నిలిచెను. 1789 డిసెంబరులో మూడుమాఱులు సముద్రము గోడవలె లేచి యూరిపై పడెను. 1839 నవంబరులో మఱల ముంచెను. ఈ రెండవ ఉప్పెనలో మూడు లక్షల జనము, ఇరువదివేల పడవలు పోయినవని పెక్కు పుస్తకములలో అచ్చుపడుచున్నది. మేము నమ్మము. జిల్లా మొత్తమునకే ఆఱు లక్షల లోపు జనమున్న నాడు ఒక్క రేవున మూడులక్షలు చచ్చినచో 1841 లెక్కలో మిగిలిన వారెవరు? పోయినవారు వేలే యైనను దుఃఖమునకు కొఱతయుండదు. అంకెను పెంచి చెప్పినందున వారికి కలుగు గౌరవ మేమియు లేదు. ఊరిని నిజముగా చంపినది ఉప్పెన గాదు, ఒండ్రు. గోదావరి తెచ్చిన మట్టి రేవు నోరు మూసినది. ఓడలు కాకినాడకు పోయినవి. ఇప్పుడచ్చట నున్నవి మడ అడవులు. నల్లమడ, తెల్లమడ చెట్లు వేళ్లను ఊపిరికై బురదపైకి చాచి నిలిచియున్నవి. 1978 నుండి ఇది రక్షితారణ్యము. కొయ్యపలకల వంతెనమీద నడచి పిల్లకాలువ దఱిని నిలిచితిమి.

ఈ రేవునుండియే 1830లు మొదలుకొని మనవారు మారిసు దీవికి, మఱియు రంగూనునకు ఓడలెక్కిరి. ఎక్కినది విశాఖపట్టణమున నైనను కాకినాడ నైనను, బర్మాలో తెలుగువాడన్నచో 'కోరంగి' యే. ఆ మాట అచ్చట తిట్టుగా మాఱినది. 1930 మేనెలలో రంగూను రేవున తెలుగు కూలీలపై జరిగిన హత్యాకాండలో ఆ పేరుతోనే మనవారిని వెదకి కొట్టిరి. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు రంగూనుపై పడగా, 1942లో లక్షలమంది అరకాను కనుమలలో, అస్సాము అడవులలో నడచి స్వదేశమునకు మరలిరి. త్రోవలో పోయినవారి లెక్క లేదు.

ప్రయాణమునకు మొదట మాట అందించిన పెద్దయే ఇప్పుడు చెప్పెను. ఆయన తాతగారు మగ్గము అమ్ముకొని రంగూనుపోయి బియ్యపు మరలో మూటలు మోసెను. తండ్రిగారు 1942లో పదేండ్లవాడు, తల్లిచేయి పట్టుకొని నడచివచ్చెను. బయలుదేఱినపుడు అయిదుగురు, చేఱినపుడు ఇద్దఱు. "ఓడ యెక్కిన రే వెక్కడనో చూడవలెనని మా నాయన కడపటివఱకు అనుచుండెడివాడు" అనెను. పడవవానిని అడిగితిమి. వాడు తెడ్డుతో, రెండు మడచెట్ల నడుమ మోకాలిలోతు బురదను చూపెను. పెద్దాయన చెప్పులు విడిచి అందు దిగి, కాసేపు నిలిచి, మఱల ఎక్కి వచ్చెను. కాళ్లు కడుగుకొనుటకు బస్సులో మంచినీటి సీసా తప్ప వేఱు లేకపోయినది.

కాకినాడ పోవువఱకు బస్సులో దీపమువేయించి, మా కార్యదర్శి యొక లెక్కలపుస్తకము తెఱచి, ఎవరి యింటినుండి ఎవరు రంగూను, మారిసు పోయిరో, ఎవరు మరలిరో అడిగి వ్రాసెను. ముప్పదిమందిలో పదునొక యిండ్లవారు పేర్లు చెప్పిరి. కొందఱికి తాతపేరు తెలియును గాని తాతతో పోయిన అత్తపేరు తెలియదు. అట్టిచోట ఆ గడిని ఖాళీగా విడిచినాము. యానాము ముసలమ్మ తన తల్లిపేరును, పెండ్లినాటి వయస్సును వేఱు పుటలో వ్రాయుమనెను; వ్రాసినాము. పుస్తకము సంఘకార్యాలయమున నున్నది. తమ యిండ్ల ముసలివారు బ్రదికియుండగనే అడిగి, పేరు, ఊరు, పోయిన యేడు, ఓడ యెక్కిన రేవు తెలిసినంతవఱకు వ్రాసి పంపవలసినదని సభ్యులను కోరుచున్నాము. వచ్చు మహాసభకు ముందే మిగిలిన పుటలు నిండినచో రెండవ పుస్తకమును కొనుటకు సంఘమున సొమ్ము కలదు.